పటిక, సున్నం

చండూరు బస్టాండ్ ఎదురుంగ, జిలానీ చాయ్ బండి కాడ,
పేపర్ మీద పడ్డ పల్లీ పొట్టు ఊదుకుంట
పోస్టాఫీసుల చేసి దిగిన కాశయ్య సారు చదివి వినిపించిండు:
బయటి దేశాలల్ల ఉన్న మన పటాలాల మీద
సర్కారు మళ్లొకపారి లెక్క చూస్తదట.
ఏ దేశంల ఎందరు, ఎన్నేండ్ల సంది, ఎన్ని కోట్లు,
ఎవలుండాలె, ఎవలు మర్లి రావాలె.

"మంచిదే గద" అన్నడు బత్తాయిల సేటు.
"మన పైసలు మన కాడనే ఉండనీ."
అందరు నా దిక్కు చూసిండ్రు.
మా దిక్కున నీలి టోపీ పెట్టుకున్నోణ్ని నేనొక్కన్నే.

కాలుతున్నదా లేదా అని
నేను చాయ్‌ల వేలు పెట్టి చూసిన.

ఆడ నా చేతిల తుపాకి తక్కువ, పానా ఎక్కువ.
పద్నాలుగు నెలలు
నైలు బురదను నీళ్లు చేసే మిషను నాది.
పొద్దుగాల ఐదింటికి డీజిల్ పోసి హ్యాండిల్ తిప్పితే
ముసలి మేకపోతు లెక్క రెండుసార్లు దగ్గి లేచేది.
ముండ్ల తీగ అవతల పసుప్పచ్చ డబ్బాల వరస,
డబ్బాల ఎన్క ఆడోళ్లు,
అందరికంటె ముంగట ఎప్పుడూ న్యాడెంగ్.
నొసటి నిండ చుక్కలు, చంకల పిల్ల,
కాళ్లకు ఎవలియో మొగోళ్ల బూట్లు.

పోకముందు శిక్షణల
మేజర్ సాబు బోర్డు మీద రాసిండు:
పటిక, సున్నం, బ్లీచింగ్.
కలపాలె, తేరనియ్యాలె, వంచుకోవాలె.
"దీన్ని నల్గొండ పద్ధతి అంటరు" అన్నడు.
క్లాసుల ముప్పైమంది.
నేనొక్కన్నే తల దించుకున్న.
మందుకు మా జిల్లా పేరు పెట్టిండ్రంటే
రోగం ఎక్కడిదో మళ్ల చెప్పాల్నా.

మా పెద్దక్క అండాలుకు
ముప్పై ఆరేండ్లకే మోకాళ్లు లోపలికి తిరిగినయి.
పటిక బకెట్ మా ఇంట్ల గూడ ఉండె కొన్నొద్దులు.
పటిక ఒడిసినంక
దాంట్ల వడ్లు నానబోసినం.

ఫోన్ల అక్క అడిగేది: "ఏం కొలువురా నీది ఆడ?"
నీళ్లు పోస్తున్న అని
ఆ మోకాళ్లతోటి ఎట్ల చెప్తరు?
"కాపలా" అన్న.
ఉత్త అబద్ధం గూడ కాదది.

లెక్కలంటే నాకు కొత్త కాదు.
స్టోరు పుస్తకం నేనే రాసిన.
ఇమానంల దిగిన ఒక్క డీజిల్ పీపా ఖర్చుకు
మా ఊర్ల ఎన్ని ఇండ్లకు నల్లా వస్తదో
ఒకనాటి రాత్రి పేజీ అంచుకు పెన్సిల్‌తోటి కట్టి చూసుకున్న.
తెల్లారి చెరిపేసిన.
ఆఫీసరు చూస్తడని కాదు.
న్యాడెంగ్ చూస్తదని.
ఆమెకు తెలుగు రాదు,
అంకెలొస్తయి.

ఇప్పుడు మా వాడకు కృష్ణా నీళ్లు,
దినం ఇడిసి దినం.
అక్క మంచం మీదనుంచే పైపు గురక పసిగడ్తది,
"వచ్చినయి, బిందె పెట్టుండ్రి" అంటది.
నీళ్లు మర్లినయి గని
మోకాళ్లు మర్లలె.

మా బెటాలియన్ దిగే ముందటి వారం
న్యాడెంగ్ తీగ అవతల నిలబడి
చెయ్యి గాల్లో గుండ్రంగ తిప్పింది:
రేపటిసంది దీన్ని ఎవలు తిప్పుతరు?
కొత్తగొచ్చిన మరాఠా పోరన్ని చూపించిన.
వాణ్ని కింది నుంచి మీది దాక కొలిచి చూసి,
డబ్బా ముందుకు జరిపింది.

ఆ పోరని ఎన్క ఇంకెవలనో చూపించి ఉంటడు ఆ పోరడు.
ఆ ఎన్క ఇంకొకలు.

"చెప్పవేంది సుబేదారూ,
ఉండాల్నా, రావాల్నా?" కాశయ్య సారు.

చాయ్ సల్లారింది.
మా పోరలు ఇంటికొస్తే నాకు పండుగే.
ఆ కోట్లు ఇటు మర్లితే
ఇంకెన్ని వాడలల్ల పైపు గురక పెడ్తదో.
ఐనా అడిగిన:
"మిషను ఎవలకు అప్పజెప్తరో
రాసిండ్రా సారూ, అండ్ల?"

సారు కండ్లద్దాలు ఎగదోసుకుని
మొదటి పేజీ కింది దాక ఎతికిండు.
"లోపల ఉన్నదేమో" అని తిప్పిండు.
లోపలి పేజీల బత్తాయి ధర పడ్డది.
సేటు పేపర్ గుంజుకున్నడు.